అక్క పేరుతో లాగిన్

సోమవారం పొద్దున పదింటికి అచ్చు మెషిన్ ఆపేశారు. చెడిపోయి కాదు. అచ్చవుతున్నది పిల్లల జ్వరం సిరప్ డబ్బాలో మడిచిపెట్టే చిన్న కాగితం. ప్రెస్సులో అందరూ లీఫ్‌లెట్ అంటారు. మొదటి కట్టలోంచి ఒకటి తీసి చదివిన మందుల కంపెనీ మనిషి ఫోన్ చేశాడు. రోజుకు రెండుసార్లు అని ఉండాల్సిన చోట, పోయినసారి అచ్చులో ఉన్నట్టే నాలుగుసార్లు అని ఉందట. అప్పటికి నలభై వేలు అచ్చయ్యాయి. ఒక్కటీ డబ్బాలోకి ఎక్కలేదు కాబట్టి సరిపోయింది.

ఆ సమయానికి కేబుల్ అనే కుర్రాడు అచ్చు ప్లేట్లు తయారయ్యే గదిలో నేలమీద బాసింపట్టు వేసుకుని నెట్‌వర్కు వైరుకి కొన బిగిస్తున్నాడు. అతని అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినబడదు. చేరిన కొత్తల్లో మెడకి నీలం వైరు చుట్ట వేసుకుని తిరిగేవాడని డిజైనర్లు పెట్టిన పేరు అది. ప్రెస్సు మొత్తానికి కంప్యూటర్లు చూసేది అతనొక్కడే.

తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. ఎనిమిది పోగుల్నీ వరసగా సర్ది, కొనలు సమంగా కత్తిరించి, పారదర్శకంగా ఉన్న చిన్న ప్లాస్టిక్ ప్లగ్గులోకి దూర్చి, పటకారుతో నొక్కాడు. టక్కుమంది.

"కేబులూ, సార్ పిలుస్తున్నారు," అన్నాడు ప్లేట్ల ఆపరేటరు గుమ్మంలోంచి. "మొహం చూస్తే టీ తాగినట్టు లేరు. జాగ్రత్త."

మేనేజరు గదిలో ప్రూఫ్ అక్క అప్పటికే నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఆ ప్రెస్సులో ప్రతి మందు కాగితమూ ఆవిడ చదివాకే ప్లేటు మీదికి ఎక్కుతుంది. చేతిలో ఆవిడ దిద్దిన కాగితపు ప్రూఫ్ ఉంది. నాలుగుసార్లు అన్న మాట ఆకుపచ్చ సిరాతో కొట్టేసి, పక్కన రెండుసార్లు అని రాసి, సంతకం చేసి ఉంది.

"కాగితం మీద దిద్దారు. కాదనడం లేదమ్మా," అంటున్నాడు మేనేజరు. "మరి కంప్యూటర్లో పాతది ఎట్లా ఎక్కింది?"

"కొత్త ఫైలే పెట్టాను సార్. పెట్టాక తెరిచి చూశాను కూడా."

"మీరు పెట్టిన చోటే పాతది ఉంది." మేనేజరు కేబుల్ వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఎవరు ఎప్పుడు ఏం సేవ్ చేశారో సర్వర్‌లో అంతా ఉంటుందన్నావు కదా?"

"ఉంటుంది సార్."

"ప్లేటుకు ఫోల్డర్లో ఈ ఫైలు మీద చెయ్యి పెట్టిందెవరో తీసి ఇవ్వు. పేరు, టైము. నాకు అంతకంటే అక్కర్లేదు."

కేబుల్ తన మూల బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. అక్క పనిచేసే ప్రూఫ్ గదిలో ఉన్నవి విండోస్ మెషిన్లు. డిజైన్ గదిలో మూడు మాక్‌లు. ప్లేట్ల గదిలోనూ సర్వర్‌లోనూ లినక్స్. ఒకదాని మర్యాదలు ఇంకోదానికి తెలియవు. ఈ మూడు రకాలనీ ఒకే ఉమ్మడి ఫోల్డర్ చుట్టూ కూర్చోబెట్టడమే అతని ఉద్యోగం. అందులో ప్లేటుకు అనే ఫోల్డర్ ముఖ్యం. అచ్చు వంతు వచ్చినప్పుడు దాంట్లో ఉన్న ఫైలు నేరుగా ప్లేటు మీదికి వెళుతుంది. దాన్ని డిజైనర్లు తెరిచి చూడొచ్చు గానీ మార్చకూడదు. మార్చే హక్కు అక్క పేరుకి ఒక్కదానికే.

సర్వర్ రాసుకున్న చిట్టా తీశాడు. రెండు వరసలు వచ్చాయి. గురువారం మధ్యాహ్నం మూడూ పదికి ఒకసారి, నాలుగూ యాభైకి ఇంకోసారి. రెండు చోట్లా అక్క పేరే. ఆ పేరు పక్కన ఇంకో గడి ఉంటుంది. ఏ మెషిన్ నుంచి సేవ్ అయిందో చెప్పే నంబరు. మొదటి వరసలో చివర ముప్పై ఒకటి. రెండో వరసలో నలభై ఏడు.

కాసేపు ఆ రెండు అంకెల్నీ చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ప్రింటుకి ఇచ్చేటప్పుడు ఆ గడి వదిలేశాడు. సార్ పేరూ టైమూ అడిగారు. పేరూ టైమూ ఇచ్చాడు.

మేనేజరు కాగితాన్ని అక్క వైపు తిప్పాడు. "మూడింటికి కొత్తది పెట్టారు. బాగానే ఉంది. అయిదు కావస్తుండగా మళ్ళీ పాతది దానిమీద ఎందుకు వేశారు?"

అక్క కళ్ళజోడు పైకి తోసుకుని ఆ రెండు వరసలూ చదివింది. చివరి నుంచి మొదటికి ఇంకోసారి చదివింది. ప్రూఫ్ చదివే అలవాటు అది.

"ఏమో సార్," అంది. "నా పేరే ఉంది."

మధ్యాహ్నం కేబుల్ డిజైన్ గదిలోకి వెళ్ళాడు. పనేమీ లేదు. ఊరికే వెళ్ళాడు.

"రావయ్యా కేబులూ," అన్నాడు పిలక. పెద్ద డిజైనరు అతను. పొడుగు జుట్టుని వెనక రబ్బరుతో బిగించి కడతాడు. "ఇవాళ నా ఫోల్డర్ తెరుచుకోవడానికి ఆవలిస్తోంది. దానికి కూడా జ్వరం తగిలిందేమో."

"చూస్తాను."

మాక్ తెర మీద ఉమ్మడి ఫోల్డర్ గుర్తు మీద నొక్కాడు. పేరు అడగకుండానే తెరుచుకుంది. అడగదు. ఎనిమిది నెలల కిందట ఈ మూడు మాక్‌లూ కొత్తగా వచ్చిన రోజున, సాయంత్రానికల్లా ఇవి సర్వర్‌తో కలవాలని మేనేజరు పట్టుబట్టాడు. డిజైనర్లకి ఎవరి పేరు వాళ్ళకి పెట్టాడు గానీ, ఆ పేర్లు కొడితే ఫోల్డర్ ఖాళీగా కనిపించేది. ఎక్కడ హక్కులు తప్పాయో వెతకడానికి టైము లేదు. అంతకు ముందు వారమే అక్క పాస్‌వర్డ్ మరిచిపోతే అతనే కొత్తది పెట్టి ఇచ్చాడు. అది గుర్తుంది. మూడింటిలోనూ అక్క పేరు కొట్టి, గుర్తుంచుకో అన్న గడిలో టిక్కు పెట్టాడు. రేపు సరిచేద్దామనుకున్నాడు.

"గురువారం ప్లేటుకు ఫోల్డర్లోంచి పాత సిరప్ ఫైలు ఏమైనా తెరిచావా?" అని అడిగాడు, తెర మీంచి చూపు తిప్పకుండా.

"తెరిచానో ఏమో. మార్జిన్ కొలతల కోసం రోజుకి పది తెరుస్తాను. పొద్దున తెరిచింది సాయంత్రం దాకా అట్లాగే ఉంటుంది. ఇంటికెళ్ళేటప్పుడు అన్నీ మూసేస్తాను. సేవ్ చెయ్యాలా అంటుంది. చెయ్యమంటాను. మనకేం పోయింది?"

"ఏం లేదు," అన్నాడు కేబుల్.

ఒకే గదిలో విండోస్ మెషిన్లయితే, ఒకరు తెరిచిన ఫైలుని ఇంకొకరు తాకబోతే హెచ్చరిక వస్తుంది. మాక్ నుంచి విండోస్‌కి ఆ కబురు సరిగా అందేది కాదు. పైగా రెండువైపులా ఒకే పేరు. అక్క ఫైలు మీద అక్కే రాస్తోందని సర్వర్ అనుకుంది.

ఇంట్లో వదిన అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఏమయ్యా, పర్మనెంటు లెటరు ఏమైంది?"

"ఈ వారం అన్నారు."

"పోయిన వారం కూడా ఈ వారమే అన్నారు."

అన్నయ్య టైర్ల షాపులో పని. గోళ్ళ సందుల్లో నలుపు ఎంత తోమినా పోదు. ముద్ద నోట్లో పెట్టుకుని, "వాణ్ణి తిననియ్యి," అన్నాడు. ముద్ద మింగి, "లెటరు వస్తే రెండు గదుల ఇల్లు అడుగుదాం. పిల్లది పరీక్షలకి చదువుకోడానికి చోటుంటుంది," అన్నాడు.

ఇంటి మొత్తంలో కాలేజీ గడప తొక్కింది కేబుల్ ఒక్కడే. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. ఎత్తకపోవడమే బరువు. కేబుల్ పళ్ళెంలోకి చూస్తూ తిన్నాడు. కూరలో ఉప్పు ఉందో లేదో తెలియలేదు.

బుధవారం అక్కకి లెటరు ఇచ్చారు. తప్పు చేసినవాళ్ళు ఇకముందు ప్రూఫ్‌లు ముట్టకూడదని మందుల కంపెనీ రాసింది. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి అక్క ప్యాకింగ్‌లోకి మారాలి. రోజంతా నిలబడి కట్టలు లెక్కపెట్టే పని. అక్క ఎడమ మోకాలికి పట్టీ ఉంటుంది. లెటరు కింద, తప్పు నాదే, అంగీకరిస్తున్నాను అని ఒక వాక్యం ముందే టైపు చేసి ఉంది. అక్క దాని కింద సంతకం పెట్టింది. పెట్టేముందు అందులో ఒక తేదీ తప్పు పడితే దిద్ది ఇచ్చిందని మేనేజరు గదిలోంచి వచ్చిన గుమాస్తా నవ్వుతూ చెప్పాడు.

భోజనాలయ్యాక అక్క కేబుల్ బల్ల దగ్గరికి వచ్చింది.

"తమ్ముడూ, ఒక్కసారి నా మెషిన్ చూస్తావా? అక్షరాలు పెద్దవి చెయ్యాలి."

"ఎందుకక్కా?"

"కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను నిన్న. అద్దాలు సరిగ్గానే ఉన్నాయన్నాడు. అయితే మతిమరుపేమో అన్నాడు మా ఆయన. పొయ్యి ఆర్పానో లేదో అని రాత్రి రెండుసార్లు లేచాను."

అతను ప్రూఫ్ గదికి వెళ్ళి అక్క కుర్చీలో కూర్చున్నాడు. అక్షరాల సైజు నూట పాతిక చేశాడు. అక్క వెనక నిలబడి తల అడ్డంగా ఊపింది. నూట యాభై చేశాడు. తెర మీద నాలుగు ఫైళ్ళ పేర్లు పట్టే చోట రెండే పట్టాయి.

"ఆఁ, ఇట్లా ఉండనీ," అంది. "ఇంకొక మాట. కొత్త ఫైలు పట్టుకుని లాగుతున్నానా, పాతది లాగుతున్నానా అన్నది ఎట్లా తెలుసుకోవాలి? ఇన్నాళ్ళూ తెలుసనుకున్నాను."

"తారీఖు చూడండక్కా. పక్కనే ఉంటుంది."

అక్క చిన్న నోటుపుస్తకం తీసి, తారీఖు చూడాలి అని రాసుకుంది. ఆవిడే అతనికి ఆ మాట నేర్పింది, చేరిన మొదటి నెలలో. ఇద్దరిలో ఎవరూ ఆ సంగతి అనలేదు.

బల్ల దగ్గరికి తిరిగొచ్చి అతను రెండో చిట్టా తెరిచాడు. ఏ రోజు ఏ నంబరు ఏ మెషిన్‌కి ఇచ్చిందీ అందులో ఉంటుంది. నంబర్లు రోజూ మారిపోతుంటాయి కాబట్టి అది లేకపోతే నలభై ఏడుకి అర్థం లేదు. పోయిన గురువారం నలభై ఏడు పిలక మాక్‌ది. చదివాడు. మూసేశాడు. సోమవారం నుంచీ తెలిసిన విషయమే అయినా, ఇప్పుడు తెలియదనడానికి లేకుండా పోయింది.

ఆ చిట్టా ఏడు రోజులే ఉంటుంది. రోజూ సాయంత్రం అయిదింటికి, వారం నిండిన పేజీ దానంతటదే చెరిగిపోతుంది. ఆ ఏర్పాటు కూడా అతనే చేశాడు. ఎవరూ ఏ పాపమూ చెయ్యక్కర్లేదు. రేపు అయిదు దాకా ఊరికే కూర్చుంటే చాలు.

గురువారం పొద్దుటి నుంచీ పనులు వెతుక్కుని చేశాడు. ప్రింటర్ల లోపల దుమ్ము దులిపాడు. వాడని వైర్లు విప్పి, చుట్టి, ప్లాస్టిక్ పట్టీలతో బిగించాడు. ఎనిమిది కొత్త కొనలు నొక్కాడు. ఒక్కటి కూడా తప్పలేదు. తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ. ఆలోచన లేకుండా వేళ్ళు పోతున్నాయి.

నాలుగున్నరకి అక్క వచ్చింది. "తమ్ముడూ, చీటికిమాటికి పిలుస్తున్నానని విసుక్కోకు. గుండె మందు లీఫ్‌లెట్ ఒకటి పెట్టాలి. నా పక్కన నిలబడి చూస్తావా? సరైనదే లాగుతున్నానో లేదో."

వెళ్ళి నిలబడ్డాడు. అక్క ఫైలు తెరిచింది. కాగితపు ప్రూఫ్ పక్కన పెట్టుకుని, ఒక్కో వాక్యం కింద స్కేలు జరుపుతూ, వెనక నుంచి ముందుకి చదివింది. మూసింది. తారీఖు చూసింది. మౌస్‌తో పట్టుకుంది. పట్టుకుని ఆగిపోయింది.

"ఇదేనా?"

"ఇదేనక్కా."

"నువ్వు చూశావు కదా?"

"చూశాను."

లాగి ప్లేటుకు ఫోల్డర్లో వదిలింది. వెంటనే మళ్ళీ తెరిచి చూసింది. మూసి, ఇంకోసారి తెరిచింది. నోటుపుస్తకంలో టైము రాసింది. నాలుగూ నలభై ఆరు. దాని ఎదురుగా, తమ్ముడు చూశాడు అని రాసింది.

"ఇదిగో, నీ పేరు కూడా ఎక్కించాను. ఇక తప్పు పడితే ఇద్దరం కలిసి కట్టలు లెక్కపెడదాం," అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. కళ్ళు అప్పటికే మళ్ళీ తెర మీదికి వెళ్ళాయి.

కేబుల్ తన బల్ల దగ్గరికి నడిచాడు. పరుగెత్తలేదు. కుర్చీ లాక్కుని, చిట్టా తెరిచి, పోయిన గురువారం పేజీ మొత్తం తన ఫోల్డర్లోకి నకలు తీశాడు. సోమవారం వదిలేసిన గడితో సహా మొదటి చిట్టా కూడా తీశాడు. గోడ గడియారం చూస్తే అయిదుకి ఇంకా ఆరు నిమిషాలు ఉంది. ధైర్యం చేసినట్టేమీ అనిపించలేదు. ఏదో మరిచిపోయిన పని చేసినట్టుంది, అంతే.

శుక్రవారం పదకొండింటికి కేబుల్ ప్రింటు తీసి ఇచ్చిన ఆ రెండు కాగితాలూ మేనేజరు చదివాడు. లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చాడు.

"మాక్‌లలో ఆవిడ పేరు పెట్టిందెవరు?"

"నేనే సార్."

"ఎప్పుడు?"

"అవి వచ్చిన రోజునే. సాయంత్రానికల్లా కలవాలన్నారు కదా."

మేనేజరు కణతలు నొక్కుకున్నాడు. "అన్నాను. గుర్తుంది." కాగితాలు ఒకదానిమీద ఒకటి పెట్టి అంచులు సరిచేశాడు. "చూడు నాయనా. ఆవిడ సంతకం పెట్టేసింది. కంపెనీకి పంపేశాం. తప్పు ఒక మనిషిది, ఆ మనిషిని మార్చాం అన్నాం. వాళ్ళు సరేనన్నారు. ఇప్పుడు మళ్ళీ రాసి, మా దగ్గర ఎవరి పేరుతో ఎవరు ఏం చేస్తున్నారో మాకే తెలీదు అనమంటావా? ఇంకో పని ఇస్తారా వాళ్ళు?"

మేనేజరు గోడ అవతలికి చెయ్యి చూపాడు.

"అచ్చు మెషిన్ మీద పద్నాలుగు మంది ఉన్నారు. ప్యాకింగ్‌లో ఆవిడకి కుర్చీ వేయిస్తాను. జీతం తగ్గించను." సొరుగు లాగి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది నీది. సంతకం ఒక్కటే బాకీ. సోమవారం పెడతాను. ఈలోగా ఆ మాక్‌ల సంగతి చప్పుడు కాకుండా సరిచెయ్యి. సరేనా?"

"సరే సార్," అని బయటికి వచ్చాడు. సరే అన్న మాట అతను అనుకోకుండానే నోట్లోంచి వచ్చేసింది.

ప్రూఫ్ గదిలో అక్క ఒక్కతే ఉంది. అతను పక్క స్టూలు లాక్కుని కూర్చుని చెప్పాడు. ఉన్నదున్నట్టు, మెల్లగా, రెండుసార్లు. మొదటిసారి అక్కకి అర్థం కాలేదు. రెండోసారి ఆకుపచ్చ పెన్ను మూత పెట్టి పక్కన పెట్టింది.

"అంటే నేను పెట్టిన ఫైలు సరైనదే?"

"సరైనదే అక్కా."

"మూడింటికి నేను తెరిచి చూశాను. చూసినట్టు గుర్తుంది అని ఎన్నిసార్లు అనుకున్నానో. చూశానన్నమాట."

"చూశారక్కా."

అక్క అతని వైపు తిరిగింది. "నీకెప్పుడు తెలుసు?"

"సోమవారం అనుమానం. బుధవారం తెలిసింది."

"బుధవారం నా కుర్చీలో కూర్చున్నావు."

"కూర్చున్నాను."

అక్క కోప్పడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ కోప్పడలేదు. సొరుగులోంచి తెల్ల కాగితం తీసి అతని ముందు పెట్టింది.

"రాసివ్వు. నాకు చెప్పింది అంతా."

"సార్ వద్దన్నారక్కా. చప్పుడు కాకుండా..."

"ఆయన వద్దన్నది నిన్ను. నన్ను కాదు. నీకు కుదరకపోతే చెప్పు, కాగితం లోపల పెట్టేస్తాను. బలవంతం లేదు."

సోమవారం, సంతకం, కవరు. అన్నయ్య ముద్ద మింగి చెప్పిన రెండు గదుల ఇల్లు. అన్నీ వరసగా కనిపించాయి, వేరే ఎవరివో అయినట్టు. అతను పెన్ను తీసుకున్నాడు. పదిహేను నిమిషాలు పట్టింది. మాక్‌లు, పేరు, టిక్కు, నలభై ఏడు. పేజీ నిండింది. సంతకం పెట్టి ఇచ్చాడు.

అక్క స్కేలు పెట్టి చదివింది. చివర నుంచి మొదటికి ఇంకోసారి చదివింది. తర్వాత కాగితం మళ్ళీ అతని ముందుకి జరిపింది.

"ఒకటి వదిలేశావు."

"ఏమిటక్కా?"

"సోమవారం నంబరు తీసేసి ప్రింటు ఇచ్చావు. బుధవారం తెలిసింది. శుక్రవారం దాకా ఊరుకున్నావు. అది రాయలేదు."

అతను సంతకం పైన ఉన్న కాస్త చోటులో ఆ మూడు వాక్యాలూ రాశాడు. చోటు చాలక అక్షరాలు ఇరుక్కున్నాయి. అక్క చదివి, తల ఆడించి, కాగితాన్ని మడవకుండా అట్టలో పెట్టుకుని లేచింది. మోకాలు పట్టేసిందేమో, బల్ల పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది. అతను చెయ్యి అందించబోయాడు.

"అక్కర్లేదు. నువ్వు రావద్దు కూడా. నా మాట నేను చెప్పుకుంటాను," అని మేనేజరు గది వైపు వెళ్ళింది.

కేబుల్ డిజైన్ గదికి వెళ్ళాడు. ముందు సర్వర్‌లో డిజైనర్ల పేర్లకి తప్పిన హక్కులు వెతికాడు. ఒక ఫోల్డర్లో డిజైనర్ల గుంపు పేరు దగ్గర ఒకే ఒక్క గడిలో టిక్కు లేదు. సరిచెయ్యడానికి ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత ఒక్కొక్క మాక్ దగ్గరికీ వెళ్ళి, గుర్తుంచుకున్న పేరు చెరిపేశాడు.

"కేబులూ! ఫోల్డర్ పోయింది!" అని పిలక కుర్చీలోంచి సగం లేచాడు.

"పోలేదు. పేరు అడుగుతోంది."

"ఎవరి పేరు కొట్టను?"

"నీదే."

"నాదా? నా పేరు ఉందా అసలు ఇందులో?"

"ఉంది," అన్నాడు కేబుల్. "ఎనిమిది నెలల నుంచీ ఉంది."

పిలక ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన పేరు కొట్టడం మొదలుపెట్టాడు. మేనేజరు గది తలుపు ఇంకా మూసే ఉంది.